గట్టు మీద నిద్ర

మా దిక్కు "నిద్ర చేసొచ్చినం" అంటే ఎవరూ విడమరచి అడగరు. గుడికాడనో దర్గాకాడనో ఒక రాత్రి పడుకొని వచ్చారని అర్థం. నిద్ర పోవడం వేరు, నిద్ర చేయడం వేరు. చేసేది మొక్కు. ఆ రోజు ఒక్కపొద్దు ఉండాలి, చాప సంకన పెట్టుకోవాలి, బస్సెక్కి పోవాలి, తెల్లారేదాకా ఆ బండ మీదే ఉండాలి. మా అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఆరేళ్ల పాటు అమావాస్య అమావాస్యకు నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు శివుని గుడికాడ, గట్టు మీద నిద్ర చేసింది. నాట్లప్పుడో, ఇంట్లో ఎవరికన్నా బాగా లేనప్పుడో ఒకటీ అరా తప్పి ఉంటాయి. మిగతావన్నీ పోయినం.

ఆ రాత్రుల గురించి రాసి పెట్టుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అమ్మకు డెబ్బై దాటాయి. నాకు యాభై వచ్చాయి. ఇప్పుడు కూడా రాయకపోతే ఇంకెప్పుడు?

1983లో నేను మూడో తరగతి. బతుకమ్మ పండుగ దగ్గర పడ్డది. తంగేడు పువ్వు తెంపుకొచ్చి అరుగు మీద కుప్ప పోసుకొని కూర్చున్నాను. అంతవరకే గుర్తుంది. మళ్లీ తెలివి వచ్చేసరికి అమ్మ ఒళ్లో ఉన్నాను. చుట్టూ వాడకట్టు ఆడోళ్లంతా ఉన్నారు. నా జుట్టు నిండా పసుపు పచ్చ రేకులు. నాలుక కొసన మంట. ఎవరో నా పిడికిట్లో తాళంచెవుల గుత్తి పెట్టి గట్టిగా మూసి పట్టుకున్నారు. ఇంకెవరో ఉల్లిగడ్డ కోసి ముక్కు కాడ పెట్టారు. "పిల్లకు గాలి సోకింది" అన్నారు. మా నాయినమ్మ ఏడుస్తున్నది. అమ్మ ఏడవలేదు. నా ముఖమే చూస్తున్నది.

వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది. నాయిన కల్లు పైసలు మూట గట్టుకొని నన్ను, అమ్మను నల్లగొండకు తీసుకపోయాడు. అక్కడి డాక్టరు ముసలాయన, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఇది గాలీ కాదు ధూళీ కాదు, మెదడుకు సంబంధించిన జబ్బు, ఫిట్స్ అంటారు అని చెప్పి గార్డినాల్ గోలీలు రాశాడు. అమ్మకు మూడు మాటలు చెప్పాడు. ఒక్క రాత్రి కూడా గోలీ తప్పొద్దు. వచ్చినప్పుడు పిల్లను పక్కకు ఒత్తిగిల బెట్టాలె. నోట్లో గానీ చేతిలో గానీ ఏమీ పెట్టొద్దు, తగ్గేదాకా పక్కన కూర్చొని కనిపెట్టుకొని ఉండాలె. ఆ మూడో మాట వినగానే అమ్మ, "అంతేనా సారూ, ఇంకేం జేసే పని లేదా?" అని అడిగిందట. "అంతేనమ్మా, అదే పెద్ద పని" అన్నాడట ఆయన. ఈ సంగతి నాయిన నాకు తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు.

అమ్మకు చదువు రాదు. గోలీ వేసిందీ లేనిదీ మరిచిపోతానని ఆమెకు భయం. మాది కల్లు గీత కుటుంబం, కల్లు పట్టే లొట్లకు పూసే సున్నం ఇంట్లో ఎప్పుడూ ఉండేది. నాకు గోలీ మింగించి, నీళ్లు తాపించి, నాలుక ఎత్తి చూపించమని, ఆ తర్వాత చూపుడు వేలు సున్నంలో ముంచి తలుపు వెనక గోడ మీద ఒక బొట్టు పెట్టేది. రోజుకొక బొట్టు. పండగలకు గోడలన్నీ ఎర్రమట్టితో అలికినా ఆ జానెడు మేర మాత్రం అలకకుండా వదిలేది. చిన్నగా మొదలైన బొట్లు వరుస మీద వరుసగా తలుపు ఎత్తుకు పెరిగాయి. దీపం వెలుగులో ఆ గోడను చూస్తుంటే చుక్కలు పొడిచినట్టే ఉండేది.

చెరువుగట్టుకు పోదామన్నది నాయినమ్మ. "గోలీలు గోలీలే, జడల రామలింగేశ్వరుని కాడ అమావాస్య నిద్ర గూడ జెయ్యుండ్రి" అన్నది. అమ్మ సరేనన్నది. గోలీలు నమ్ముకుంటే దేవుణ్ణి వదలాలనీ, దేవుణ్ణి నమ్ముకుంటే గోలీలు వదలాలనీ ఆమెకు ఏనాడూ తోచలేదు. ఈ రెంటి నడుమ పంచాయితీ పెట్టుకొని నలిగిపోయే చదువుకున్నవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. అమ్మకు ఆ బాధే లేదు. గట్టుకు తీసుకపోయే సంచిలో కొబ్బరికాయ, ఊదుబత్తుల పక్కనే పాత పౌడర్ డబ్బా ఉండేది. నా గోలీలు అందులోనే.

మా ఊరు నకిరేకల్ దగ్గర. అక్కడ బస్సెక్కితే నార్కట్‌పల్లి, మళ్లీ నల్లగొండ రోడ్డు మీద ఇంకో బస్సు. అమావాస్య నాడు ఆ బస్సులో కాలు మోపే సందుండేది కాదు. గట్టు దూరం నుంచి చూస్తే బండల మీద బండలు పేర్చినట్టు ఉంటుంది. పైన గుహలో స్వామి. పరశురాముడు ప్రతిష్ఠించిన 108 లింగాల్లో ఇదే చివరిదని స్థలపురాణం. ఎన్నేళ్లు తపస్సు చేసినా శివుడు కనిపించకపోయేసరికి ఆయనకు కోపమొచ్చి గొడ్డలితో లింగం మీద కొట్టాడట, అప్పుడు శివుడు ప్రత్యక్షమయ్యాడట. మెట్లెక్కుతూ అమ్మ ఈ కథ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ చివర ఒక మాట కలిపేది. "అంత తపస్సు జేసినాయనకే ఓపిక పట్టలే బిడ్డా. జర ఆగితే ఏమయ్యేది?"

కోనేట్లో స్నానం, దర్శనం, ఆ తర్వాత మూడుగుండ్లు. గుడికి పైన మూడు పెద్ద గుండ్లు, వాటి నడుమ మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు. మొదటిసారి నేను సగం దాకా పోయి ఇరుక్కున్నాను. భయంతో రొమ్ము పొంగించి ఊపిరి బిగపట్టాను. ముందుకు పోలేను, వెనక్కు రాలేను. వెనక జనం తొందర పెడుతున్నారు. అవతలి వైపు నుంచి అమ్మ చెయ్యి చాపింది గానీ లాగలేదు. "ఊపిరి పట్టకు బిడ్డా, ఇడిసిపెట్టు. మొత్తం ఇడిసిపెట్టు" అన్నది. వదిలాను. రాయి తడిగా, చల్లగా చెంపకు తగిలింది. ఎలా జారానో తెలియదు, అవతల పడ్డాను.

ఆ తర్వాత అసలు పని. బండ మీద జాగ చూసుకొని చాప పరచడం. మాలాంటి వాళ్లు వేలల్లో ఉండేవారు. కాళ్లు పడిపోయిన ముసలివాళ్లు, పిల్లలు లేని జంటలు, మతి చలించిన కొడుకును నడుముకు చీర కొంగు కట్టి పట్టుకున్న తల్లులు. పూనకాలు వచ్చినవాళ్లు జుట్టు విరబోసుకొని ఊగేవారు. డప్పులు, గంటలు, కేకలు. నాకు భయమేసేది. అమ్మ రెండు చేతులతో నా చెవులు మూసేది. నడిరాత్రి దాటితే ఒక్కొక్క చప్పుడే తగ్గిపోయి, అంత జనమూ బండ మీద ఒత్తుగా పడుకొని ఉండేది. చందమామ లేని రాత్రి కదా, పైన చుక్కలు మస్తుగా కనిపించేవి. ఎండాకాలమైతే పగలంతా కాగిన బండ వెచ్చదనం చాపలోంచి వీపుకు తగిలేది. పుష్యమాసంలో మాత్రం ఎన్ని చెద్దర్లు కప్పినా వణుకే.

అమ్మ నా పక్కన ఒత్తిగిలి పడుకొని నా రొమ్ము మీద అరచేయి ఆనించేది. బరువు వేసేది కాదు. వేయనట్టే ఉండేది, కానీ ఉండేది. గుండె కొట్టుకోవడం, ఊపిరి ఆడటం ఆమెకు ఆ చేతిలోనే తెలిసేది. ఇంట్లోనూ అంతే. నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉండేది, అమ్మ కళ్లు తెరుచుకొనే ఉండేవి. "పండుకో బిడ్డా, నేను జూస్తున్న" అనేది. అమ్మ నిద్రపోవడం నేను ఇంట్లో ఏనాడూ చూడలేదు. నేను పడుకునేటప్పటికి ఆమె పనిలో ఉండేది, నేను లేచేటప్పటికి వాకిలి ఊడ్చి సాన్పి చల్లి ఉండేది. మిగతా రాత్రంతా నా ఊపిరికి కాపలా.

నాయిన మాతో గట్టుకు ఒకటి రెండుసార్లే వచ్చాడు. తాళ్లు వదిలి రావడం కుదరదు. పొద్దూ మాపూ ఎక్కాలి, గెల గీయాలి, లేకపోతే కల్లు పారడం ఆగిపోతుంది. ఆయన భక్తి వేరే తీరు. చెట్టు మొదట్లో నిలబడి, ఎక్కే తాడు మోకును కళ్లకద్దుకొని, గీత పనివాళ్ల దేవుడు కాటమయ్యను తలుచుకొని, కళ్లు మూసుకొని కాసేపు ఆగేవాడు. అర నిమిషం ఉంటుందేమో. ప్రతి చెట్టు కాడా ఆగేవాడు, ఒక్క చెట్టు కూడా తప్పేది కాదు. సెలవుల్లో నేను లొట్లు అందిస్తూ వెంట తిరిగేదాన్ని. ఒకసారి విసుగొచ్చి, "పొద్దున మొక్కినవ్ గద నాయినా, చెట్టుచెట్టుకు ఎందుకు మొక్కుడు?" అన్నాను. నాయిన మోకు నడుముకు సవరించుకుంటూ చెప్పాడు. "మొక్కుడొక్కటే గాదు బిడ్డా. మనసు ఇంటికాడుంటే కాలు జారుతది. నీ ఫిట్స్ సంగతి, అప్పు సంగతి, అన్నీ ఈడ కింద బెట్టి ఎక్కాలె. అందుకే ఆగుత." ఆ తర్వాత మోకు విసిరి ఎక్కడం మొదలుపెట్టాడు. పైన ఆకుల్లో ఆయన తల మాయమయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఆయన కింద పెట్టిన బరువుల్లో నేనూ ఒకదాన్నని అప్పుడే తెలిసింది.

పక్కింటి ఖాలా కూడా మమ్మల్ని వదల్లేదు. ఒక గురువారం అమ్మను, నన్ను నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్టకు తీసుకపోయింది. దర్గాలో ఒకాయన నా మీద దువా ఊది, వెండి తాయత్తు నల్లదారానికి కట్టి ఇచ్చాడు. అమ్మ దాన్ని నా మెడలో వేసి, దారం చిరిగినప్పుడల్లా కొత్త దారం ఎక్కించేది. పీర్ల పండుగకు ఖాలా మా ఇంట్లో మలీదా పంచేది, బోనాలకు మా అమ్మ ఆమె ఇంటికి పరమాన్నం పంపేది. మా వాడకట్టులో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు.

చివరిసారి ఫిట్స్ వచ్చింది 1984 ఎండాకాలంలో. ఆ తర్వాత రాలేదు. డాక్టరు మూడేళ్లు చూసి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చి 1987లో గోలీలు ఆపేశాడు. ఒక్కసారిగా ఆపితే మళ్లీ వస్తుందని హెచ్చరించాడు. అమ్మ సగం గోలీ రోజున సగం బొట్టే పెట్టేది, సన్నగా, గోటితో గీసినట్టు. చివరి బొట్టు పెట్టిన రాత్రి వేలు తుడుచుకోకుండా చాలాసేపు గోడ ముందు నిలబడ్డది.

అయినా గట్టుకు పోవడం ఆగలేదు. ఎందుకని నేనూ అడగలేదు. అమావాస్య వస్తుందంటే చాప దులపడం, రొట్టెలు కొట్టడం అలవాటైపోయింది. నేను ఏడో తరగతికొచ్చాను. ఆ ఏడు ఒక అమావాస్య రాత్రి ఏదో చప్పుడుకు మెలకువ వచ్చింది. "పండుకో బిడ్డా" అనే మాట కోసం చూశాను. రాలేదు. తల తిప్పి చూస్తే అమ్మ నిద్రపోతున్నది.

నోరు కొద్దిగా తెరుచుకుంది. ముక్కుపుడక మీద దూరపు బల్బు వెలుగు చిన్న చుక్కలా పడింది. చెయ్యి నా రొమ్ము మీదే ఉంది, కానీ బరువుగా ఉంది. మొదటిసారి ఆ చేతికి బరువు వచ్చింది. వేళ్ల సందుల్లో ఆరిపోయిన విభూతి. అరికాళ్లు చెద్దరు దాటి బయట ఉన్నాయి, మడమల పగుళ్లలో గట్టు మీది ఎర్రమన్ను. అంత పెద్ద మనిషి, అందరికీ వండిపెట్టే మనిషి, కూలి నుంచి వచ్చి దూపకు నీళ్లు కూడా నిలబడే తాగే మనిషి, నాకంటే చిన్నపిల్లలా ముడుచుకొని ఉంది. ఏం చేయాలో తోచలేదు. కదిలితే లేస్తుందని కదల్లేదు. ఆమె ఊపిరి లోపలికి పోవడం, బయటికి రావడం చూస్తూ పడుకున్నాను. మధ్యలో ఒకచోట ఊపిరి ఆగినట్టనిపించి నా గుండె గుభేలుమన్నది. మళ్లీ ఆడింది. అమ్మ అన్నేళ్లు రాత్రంతా ఏం చూసిందో, ఎంత భయంతో చూసిందో ఆ ఒక్క క్షణంలో నాకు తెలిసింది.

తెల్లవారి లేచి, ఎండ పడేదాకా పడుకున్నందుకు అమ్మ సిగ్గుపడ్డది. "లేపొద్దా, బస్సు పాయె" అన్నది. నేను లేపనందుకు ఈనాటికీ సంతోషమే.

ఆ తర్వాతవి మామూలు సంగతులే. 1989 దాకా పోయినం. పదో తరగతి చదువుల్లో పడి ఆగిపోయింది. టీచరు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, నల్లగొండలో ఇల్లు.

2014లో నాయిన పోయాడు. చెట్టు మీంచి పడి కాదు, వయసు మీద పడి, ఇంట్లోనే. దశదినకర్మ అయ్యాక నాకు నిద్ర పట్టడం మానేసింది. ఉద్యోగంలో టెన్షన్లు, పిల్లల చదువులు, అన్నీ అదే టైముకు తోసుకొచ్చాయి. రాత్రి రెండింటికి కళ్లు తెరిచి ఫ్యాను వంక చూస్తూ ఉండేదాన్ని. రెండేళ్లు అలా గడిచింది. మా స్కూల్లో ఒక టీచరమ్మ, "సాగర్‌లో విపశ్యన ధ్యానం నేర్పే సెంటరుంది, పది రోజులు పోయి కూర్చోండి మేడమ్" అన్నది. మన జిల్లాలోనే, నాగార్జునసాగర్ హిల్ కాలనీలో. పేరు ధమ్మ నాగజ్జున. ఫారంలో చిన్నప్పటి ఫిట్స్ సంగతి దాచకుండా రాశాను. వాళ్లు ఫోన్ చేసి అన్నీ అడిగి, అప్పుడే రమ్మన్నారు. 2016 డిసెంబరులో పోయాను.

చేరిన రోజే ఫోను, పుస్తకాలు, పెన్ను అప్పగించాలి. తాయత్తులు, జపమాలలు కూడా. పది రోజులు పూజ వద్దు, జపం వద్దు, ఉపవాసం వద్దు. మీ పద్ధతి తప్పని కాదు, ఈ పద్ధతిని కలగాపులగం చేయకుండా ఒక్కసారి చూడండి, అంతే అని చెప్పారు. మెడలోంచి తాయత్తు తీస్తుంటే నా చేతులు వణికాయి. ముప్పై ఏళ్లకు పైగా ఒంటి మీద ఉన్నది. అమ్మ ఎక్కించిన దారం. కవరులో వేసి పేరు రాసి ఇచ్చాను. ఆ రాత్రి, మరునాడు రాత్రి కూడా చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోయి వెతుక్కునేది.

పొద్దున నాలుగింటికి గంట. నాలుగున్నర నుంచి కూర్చోవడం. పదకొండుకు అన్నం, సాయంత్రం ఐదింటికి కాసింత ఫలహారం, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పడం. రోజుకు పది గంటల దాకా ధ్యానమే. ఎవరితో మాట లేదు, సైగ లేదు. పైసా ఫీజు తీసుకోరు, చివర్లో ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు, అదీ తర్వాత వచ్చేవాళ్ల కోసం. బర్మా నుంచి 1969లో ఈ దేశానికి వచ్చి ఈ పద్ధతిని మళ్లీ నేర్పిన గోయెంకా గారి గొంతు హాల్లో టేపులో వినిపిస్తుంది. మొదటి మూడు రోజులూ ఒకటే పని. ముక్కు దగ్గర ఊపిరి వస్తున్నది, పోతున్నది, దాన్ని గమనించడం. పెంచొద్దు, ఆపొద్దు, లెక్కపెట్టొద్దు, మంత్రం కలపొద్దు. ఎట్లా ఉంటే అట్లా చూడటం. మనసు పక్కకు పోతే మళ్లీ తెచ్చి అక్కడ కూర్చోబెట్టడం.

చెప్పినంత తేలిక కాదు. మోకాళ్లు విరిగిపోతున్నట్టుండేది. మనసు ఒక్క నిమిషం నిలిస్తే గొప్ప. అది ఇంటికే పోయేది, నాయిన మంచం దగ్గరికి పోయేది, ఆయనకు చివరి రోజు నేను పెట్టని అన్నం దగ్గరికి పోయేది. రెండో రోజు సాయంత్రం సర్దుకొని పోదామనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, "మనసు ఇంటికాడుంటే కాలు జారుతది." నాయిన ఇదే పని రోజుకు ముప్పై నలభై చెట్ల కాడ చేశాడు. పడితే ప్రాణం పోయే చోట చేశాడు. నాకైతే మెత్తటి దిండు ఉంది. కల్లు కుండకు అడుగు గుండ్రం, దానంతటది నిలబడదు, కింద గడ్డితో చుట్టిన కుదురు పెడితే నిలుస్తుంది. నాయిన ఆ కుదుర్లు కూర్చొని అల్లుతుంటే పక్కన ఉండేదాన్ని. మనసు కుదురుగా ఉండాలి అని మనం ఊరికే అనేస్తాం గానీ, ఆ కుదురును ఎవరో కూర్చొని చుట్టాలి కదా. మళ్లీ కళ్లు మూసుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం, హాల్లో నూరు మంది ఉన్నా చీమ చిటుక్కుమనని వేళ, ముక్కు అంచున గాలి చల్లగా లోపలికి పోవడం, కొద్దిగా వెచ్చబడి బయటికి రావడం స్పష్టంగా తెలిసింది. దాంతోపాటే రొమ్ము మీద ఒక అరచేయి ఉన్నట్టు తెలిసింది. బరువు వేయనట్టు ఉన్న చెయ్యి. కళ్లు తెరవలేదు. నీళ్లు కారిపోతూనే ఉన్నాయి. ఆరేళ్లు మా అమ్మ చూసిన ఊపిరి ఇది. నాదే అయినా నేనెప్పుడూ చూసుకోలేదు. ఆమె చదువుకోలేదు, ఏ శిబిరానికీ పోలేదు, ఊపిరిని గమనించే ఈ పనికి అక్కడ చెప్పే ఆనాపాన అన్న పేరు కూడా వినలేదు. "అంతేనా సారూ?" అని అడిగి, అంతేనని తెలిశాక, అదే పనిగా రాత్రి వెనక రాత్రి చేసింది.

ఆ సాగర్ నీళ్ల అడుగున విజయపురి లోయ ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, పదిహేడు వందల ఏళ్ల కిందట, అక్కడ భిక్షువులు విహారాల్లో కూర్చొని ఇదే ఊపిరిని గమనించి ఉంటారు. ఆనకట్ట కట్టేటప్పుడు తవ్వి తీసిన వాటిని నాగార్జునకొండ మీద పెట్టారు. మధ్యాహ్నం విరామంలో బయట తిరుగుతూ ఈ నేలకు ఈ పని కొత్త కాదని అనుకునేదాన్ని. నాకు ధైర్యంగా ఉండేది.

నాలుగో రోజు రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. ఇది అందరికీ మందు అని నేను చెప్పను. నాకు జరిగింది చెబుతున్నాను. ఇప్పటికీ కొన్ని రాత్రులు పట్టదు. పట్టనప్పుడు పోట్లాడను. ఊపిరి చూస్తూ పడుకుంటాను, అంతే తేడా. పదో రోజు మౌనం విడిచాక, ఇంటికి బయలుదేరేటప్పుడు కవరు తీసుకొని తాయత్తు మళ్లీ మెడలో వేసుకున్నాను. తోటి ఆమె ఒకరు, "ఇంత నేర్చుకొని మళ్లీ అదా?" అన్నది. నాకు అడ్డం అనిపించలేదు. అది మా ఖాలా ప్రేమ. దాన్ని తీసేస్తే నాకేం జ్ఞానం వస్తుంది?

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఆదివారాలు ఆమెను పానగల్లు ఛాయా సోమేశ్వరానికి తీసుకపోతాను. ఊరవతలే, కుందూరు చోడుల కాలపు గుడి. మూడు గర్భగుళ్లు. ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా నిలిచే ఉంటుంది. సూర్యుడు కదులుతాడు గానీ నీడ కదలదు. చాలా స్తంభాల నడుమ నుంచి చెదిరి వచ్చే వెలుగు వల్ల అట్లా పడుతుందని చెబుతారు. స్కూలు పిల్లలను తీసుకపోయినప్పుడు నేనూ అదే వివరించి చెప్పాను. అమ్మకూ చెప్పాను. శ్రద్ధగా విని, "కట్టినోళ్లు ఎంత ఓపికతోటి జూసిండ్రో వెలుగును" అన్నది. మండపంలో స్తంభానికి ఆనుకొని కూర్చుంటుంది. నేను పక్కన కళ్లు మూసుకుంటాను. ఒక్కోసారి ఇద్దరం గంట సేపు మాట లేకుండా ఉంటాం.

మా పాత ఇల్లు మొన్నటి వానలకు ఒక పక్క కూలింది. తలుపు వెనక గోడ ఇంకా ఉంది. బొట్లు వెలిసిపోయాయి, దగ్గరికి పోయి చూస్తే కనిపిస్తాయి. ఫోనులో ఫొటో తీసుకొచ్చి అమ్మకు చూపించాను. కళ్లద్దాలు సవరించుకొని చాలాసేపు చూసింది.

"గట్టుకు పోదామా ఒకసారి?" అన్నది.

పోయిన పుష్య అమావాస్యకు పోయినం. ఇప్పుడు కారు పైదాకా పోతుంది, మెట్ల పని లేదు. చాప, రెండు చెద్దర్లు, అమ్మ బీపీ గోలీలు. మూడుగుండ్ల వైపు చూసి, "నువ్వు పోయిరా, నాతోటి గాదు" అన్నది. నేనూ పోలేదు. రేకుల షెడ్లు వచ్చాయి గానీ మేం పాత బండ దగ్గరే జాగ చూసుకున్నాం. పక్కన ఒక చిన్న పిల్లవాడితో ఎవరో తల్లి, ఆగకుండా ఏడుస్తున్న వాణ్ణి ఊకోబెడుతున్నది.

ఇన్నేళ్లుగా అడగని మాట అప్పుడు అడిగాను. "అమ్మా, అప్పుడు ఎన్ని అమావాస్యలు మొక్కినవే?"

"లెక్క మొక్కలె."

"గోలీలకు సున్నం బొట్లు పెట్టినవ్ గద. గట్టుకు ఎందుకు పెట్టలె?"

"గోలీలు డాక్టరు లెక్క జెప్పి ఇచ్చిండు. దేవుడు లెక్క జెప్పలే గద."

"మరి తగ్గినంక గూడ వచ్చినం గదనే?"

అమ్మ కొంగు చెవుల మీదుగా కప్పుకుంది. చలి గాలి మొదలైంది. "తగ్గకముందు నీకోసం వచ్చిన. తగ్గినంక నాకోసం. నెలకు ఒక్కనాడు, పొద్దున లేవంగనే పొయ్యి అంటుబెట్టే పని లేకుండ పండుకుంట గద ఈడ. ఎవలకు జెప్పుదు?" అన్నది. కాసేపాగి, "నువ్వు పండుకో బిడ్డా, అలిసినవ్. నేను మేల్కొనే ఉంట" అన్నది.

ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. పక్క పిల్లవాడి ఏడుపు కూడా తగ్గింది. అమ్మ కాళ్లు చెద్దరు బయటికి వచ్చాయి, లాగి కప్పాను.